అద్దం మెల్లగా ఎక్కితే ఒక రోగం, వంకరగా ఎక్కితే మరో రోగం

అందరికీ నమస్కారం. ఇవాళ్టి సంగతి కారు పవర్ విండో, అంటే స్విచ్చి నొక్కితే ఎక్కి దిగే డోరు అద్దం. ముందు వరసలో షెడ్డులో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లున్నారు, వెనక కారు ఓనర్లున్నారు. ఓనర్లు ఇంటి దగ్గరే చేసుకోగలిగిన పరీక్షలు మొదట చెబుతాను. డోరు ప్యాడ్, అంటే డోరుకు లోపలి వైపు కప్పిన పలక, విప్పే సంగతి ఆ తరవాత. ఈ బల్ల మీద నిలబెట్టింది ఒక చిన్న కారు ముందు ఎడమ డోరు. ప్యాడ్ తీసేశాం కాబట్టి లోపలి సామానంతా కనపడుతుంది.

పవర్ విండో సరిగ్గా ఎక్కట్లేదనగానే ఎవరి నోటనైనా వచ్చే మాట "మోటారు పోయింది". వెంటనే మోటారూ మిషనూ కలిపి సెట్టు మార్చేస్తారు. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, ఎందుకంటే కొత్త మోటారుకు బలం ఎక్కువ. ఆ బలంతో, అద్దం జారే గాడిలోని పాత జిడ్డు రబ్బరులోంచే అద్దాన్ని లాక్కెళుతుంది. తరవాత మళ్లీ మొదటికొస్తుంది. మోటార్లు పోవని నేననను. పోతాయి. కానీ అనుమానితుల వరసలో దాన్ని చివర నిలబెట్టాలి. ముందు రబ్బరు, తరవాత కరెంటు, తరవాత మిషను, ఆఖరున మోటారు.

మిషను అంటే ఏదో చెబుతాను. కంపెనీ పుస్తకంలో దాని పేరు విండో రెగ్యులేటర్. షాపుకెళ్లి గ్లాస్ మిషను అనే అడగండి, రెగ్యులేటర్ అంటే ఫ్యాన్‌దా అంటారు. ఇదిగో, డోరు మధ్యలో నిలువుగా ఉన్న ఈ రేకు పట్టా రైలు. దీని మీద పైకీ కిందికీ జారే ఈ ప్లాస్టిక్ ముక్క స్లైడరు. అద్దం దీనికే బిగించి ఉంటుంది. పైన ఒక పుల్లీ, కింద ఒక పుల్లీ, వాటి చుట్టూ సన్నని ఉక్కు కేబులు. ఆ కేబులు మోటారు దగ్గరున్న డ్రమ్ముకు చుట్టుకుంటుంది. మోటారు ఒక వైపు తిరిగితే అద్దం పైకి, ఇంకో వైపు తిరిగితే కిందికి. బావి గిలక మీద చేదతాడు లాంటిదే, కాకపోతే రెండు కొసలూ డ్రమ్ముకే చేరతాయి. ఇప్పటి చిన్న కార్లలో ఎక్కువగా ఉండేది ఈ రకమే. కత్తెరలా తెరుచుకుంటూ ముడుచుకుంటూ పనిచేసే చేతుల రకం పాత కార్లలో, కొన్ని పెద్ద బండ్లలో కనపడుతుంది. దానిలో ఒక ప్రమాదం ఉంది, అది వచ్చినప్పుడు చెబుతాను.

ఇప్పుడు రోగం గుర్తు పట్టడం. మెల్లగా వెళ్లడం వేరు, వంకరగా వెళ్లడం వేరు. మెల్లగా వెళుతోందంటే అద్దానికి అడ్డు ఎక్కువైనా అయ్యుండాలి, మోటారుకు కరెంటు తక్కువైనా అందుతుండాలి. వంకరగా వెళుతోందంటే ఎక్కడో పట్టు తప్పింది. రెండూ కలిసి ఉంటే వంకర సంగతే ముందు చూడాలి. వంకర తిరిగిన అద్దం ఛానల్‌లో, అంటే అది నడిచే గాడిలో, బిగుసుకుంటుంది కాబట్టి మెల్లగా కూడా అవుతుంది. వంకర సరిచేస్తే వేగం దానంతటదే రావచ్చు.

ఇంజిను స్టార్టులో ఉంచి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టండి. చిన్న కారులో ముందు డోరు అద్దం అడుగు నుంచి పై దాకా రావడానికి సుమారు మూడు నుంచి ఐదు సెకన్లు పడుతుంది. ఆ అంకె కంటే పోలిక ముఖ్యం. ఎడమ డోరు నాలుగు సెకన్లు, కుడి డోరు తొమ్మిది సెకన్లయితే కుడి డోరులో ఏదో ఉందన్నమాట. నాలుగు డోర్లూ ఒకేలా మందగిస్తే డోర్ల జోలికి పోకండి. బ్యాటరీ, దాన్ని ఛార్జి చేసే ఆల్టర్నేటరు, ఎర్తు చూడండి.

తరవాత దిగేటప్పుడు లెక్కపెట్టండి. ముందు డోరు అద్దం సుమారు మూడు కిలోల బరువుంటుంది. దిగేటప్పుడు ఆ బరువు మోటారుకు సాయం, ఎక్కేటప్పుడు భారం. చురుగ్గా దిగి నీరసంగా ఎక్కుతుంటే మొదటి అనుమానం రబ్బరు మీద. దిగేటప్పుడు కూడా అంతే నీరసంగా ఉంటే కరెంటు వైపు చూడాలి.

ఇంకో పరీక్షకు ఒక చెంబు నీళ్లు చాలు. చెంబెడు నీళ్లలో నాలుగు చుక్కల షాంపూ కలపండి. అద్దం సగం దించి, దానికి రెండు పక్కలా ఫ్రేములో ఉన్న రబ్బరు గాడిలో ఆ నీళ్లు పై నుంచి సన్నటి ధారగా పోయండి. డోరు లోపలికి నీళ్లు పోతాయని కంగారు పడొద్దు, అడుగున బెజ్జాలుంటాయి, కారిపోతాయి. స్విచ్చుల మీద మాత్రం పడనీయకండి. ఇప్పుడు రెండు మూడు సార్లు ఎక్కించి దించండి. తొమ్మిది సెకన్లు పట్టిన అద్దం ఐదింట్లో ఎక్కిందనుకోండి, తీర్పు వచ్చేసినట్టే. మోటారు నిర్దోషి. వానాకాలంలో బాగానే ఉండి ఎండాకాలంలో మొరాయించే అద్దాల కథ కూడా ఇదే. షాంపూ నీళ్లు పరీక్ష వరకే, అదే మందనుకోవద్దు. ఆరితే జిగురు మిగులుతుంది. తరవాత మంచినీళ్లతో కడిగేయాలి.

ఇక రబ్బరు. ఇదిగో ఈ డోరులోంచి తీసిన ఛానల్ రబ్బరు ముక్క, చేతులు మార్చుకుంటూ చూడండి. అడ్డంగా కోస్తే ఇంగ్లీషు యూ అక్షరంలా ఉంటుంది. గోరుతో లోపల గీరితే మెత్తగా వెల్వెట్ లాంటి నూగు తగులుతుంది. అద్దం జారేది ఆ నూగు మీదే. కొత్తగా ఉన్నప్పుడు నల్లగా, పొడిగా ఉంటుంది. మీ చేతిలో ఉన్నది చూడండి, అడుగున బూడిద రంగు ముద్ద ఉంది. రోడ్డు దుమ్ము, లారీ పొగ మసి, ఎవరో పోసిన నూనె కలిసి గట్టిపడ్డాయి. నూగు అరిగిన చోట రబ్బరు మెరుస్తోంది. ఆ మెరిసే చోట అద్దం జారదు, పట్టుకుంటుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండలో రోజంతా నిలబెట్టిన కారైతే రబ్బరు బిరుసెక్కి అంచులు లోపలికి ముడుచుకుంటాయి.

శుభ్రం చేసే పద్ధతి ఇది. అద్దం పూర్తిగా దించండి. లీటరు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. పాత బనీను గుడ్డ ముక్కను ఐస్‌క్రీం పుల్లకో, పలచటి ప్లాస్టిక్ స్కేలుకో చుట్టి, తడిపి, గట్టిగా పిండి గాడిలోకి దూర్చి పై నుంచి కిందికి లాగండి. ముందు పక్క, పైన, వెనక పక్క, మూడు చోట్లా. మొదటి గుడ్డ తారులో ముంచినట్టు వస్తుంది. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మార్చుకుంటూ పోవాలి, డోరుకు ఆరేడు ముక్కలు పట్టొచ్చు. స్క్రూడ్రైవరు మొనతో గీకొద్దు, ఉన్న కాస్త నూగూ పోతుంది. తరవాత ఉత్తి నీళ్లతో తుడిచి అరగంట ఆరనివ్వండి. బాగా ఆరాక సిలికాన్ స్ప్రేకి సన్నటి గొట్టం తగిలించి, జానెడుకొక చోట ఒక్క సెకను చొప్పున గాడిలో కొట్టండి. అద్దం ఐదారుసార్లు ఎక్కించి దించి, అద్దానికంటిన జిడ్డు తుడిచేయండి. ముందు అద్దం మీద సిలికాన్ పడనీయొద్దు, వైపర్ వేసినప్పుడల్లా మసకేస్తుంది. షెడ్డు కుర్రాళ్లకు ఇంకో మాట. పక్కన పెయింటింగ్ జరుగుతుంటే సిలికాన్ డబ్బా మూత తీయొద్దు. ఆ తుంపర పడిన రేకు మీద పెయింటు చేప కళ్లలా గుంటలు పడుతుంది, పెయింటరు మిమ్మల్ని వదలడు.

ఏమి వాడకూడదో కూడా చెప్పాలి. ఇంజనాయిలు, గ్రీజు, డీజిల్, తుప్పు వదిలించే స్ప్రేలు రబ్బరుకు వద్దు. ఈ ఛానల్ రబ్బర్లలో ఎక్కువ భాగం ఈపీడీఎం అనే రకం. ఎండకు, వానకు బాగా ఓర్చుకుంటుంది కానీ పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బుతుంది. ఉబ్బితే గాడి ఇరుకవుతుంది. కొట్టిన రోజు హాయిగా జారి, నెల తరవాత ముందుకంటే అధ్వాన్నంగా తయారవుతుంది. ఇంట్లో ఉందని కొబ్బరినూనె రాసేవాళ్లూ ఉన్నారు. దానికి దుమ్ము అంటుకుని ముద్ద కడుతుంది. తలకు రాసుకోండి, డోరుకొద్దు.

శుభ్రం చేసినా నూగు తిరిగి మొలవదు. మెరుపు జానెడు మేర ఉంటే ఛానల్ రబ్బరే మార్చాలి. గాడిలోంచి లాగితే పాతది ఊడి వస్తుంది. కొత్తది పెట్టేటప్పుడు ముందు మూలలు కూర్చోబెట్టి, తరవాత పై భాగం, ఆఖరున నిలువు భాగాలు నొక్కుకుంటూ రావాలి. ఒక కొస నుంచి మొదలుపెట్టి లాగుతూ పోతే రబ్బరు సాగి, చివర్లో ఒక అంగుళం మిగిలిపోతుంది. మిగిలిందని కత్తిరించారో, వారం తరవాత అది తిరిగి కుదించుకుని మూల ఖాళీ అవుతుంది.

రబ్బరు తప్పేమీ లేకుండా రబ్బరు దోషంలా కనపడేవి రెండున్నాయి. ఒకటి సన్ ఫిల్ము. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు వద్దన్నాక చాలామంది పీకించారు. పీకినప్పుడు అంచుల్లో మిగిలిన జిగురు అలాగే ఉండిపోయిన అద్దాలు పాత కార్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ అంచు సరిగ్గా గాడిలో నడుస్తుంది కాబట్టి బయటికి కనపడదు. అద్దం సగం దించి పక్క అంచు వేలితో తడమండి, అంటుకుంటుంటే అదే. ఇంకొకటి వాన పడకుండా డోరు పైన పెట్టించుకునే వైజరు. బయట అతికించే రకం ఫరవాలేదు. ఛానల్ గాడిలో దూర్చే రకం వచ్చి అద్దం చోటు తినేస్తుంది. ఆటో అప్ ఉన్న కార్లలో, అంటే స్విచ్చి ఒక్కసారి లాగి వదిలితే అద్దం దానంతటదే ఎక్కే కార్లలో, అద్దం పై దాకా వెళ్లి, ఏదో అడ్డొచ్చిందనుకుని మళ్లీ దిగిపోతుంటే మొదట ఆ వైజరు తీసి చూడండి.

ఇప్పుడు కరెంటు. వేసవిలో లో ఓల్టేజీకి బోరు మోటారు ఎలా మూలుగుతుందో చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఇక్కడా అంతే. అద్దం మోటారు మామూలుగా ఐదు నుంచి పది ఆంపియర్ల దాకా లాగుతుంది. దారిలో ఎక్కడో 0.2 ఓముల అడ్డు ఉందనుకోండి. ఎనిమిది ఆంపియర్లు పోతుంటే 1.6 ఓల్టులు అక్కడే ఖర్చు. అందుకే మోటారు ఆగి ఉన్నప్పుడు కప్లరు, అంటే వైర్లను మోటారుకు కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు, ఊడదీసి మీటరు పెట్టి "పన్నెండున్నర వస్తోంది, కరెంటు బాగానే ఉంది" అనకూడదు. కరెంటు పారకపోతే అడ్డు బయటపడదు. కప్లరు తగిలించే ఉంచి, దాని వెనక నుంచి వైర్ల పక్కన మీటరు పిన్నులు దూర్చి, స్విచ్చి నొక్కి అద్దం కదులుతుండగా చూడాలి. ఇంజిను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర సుమారు 14 ఉంటుంది. మోటారు దగ్గర పన్నెండున్నర పైన ఉంటే సరే. పదకొండు కిందికి పోతే దారిలో దొంగ ఉన్నాడు. ఇది రెండు వైర్లే ఉన్న మోటారు సంగతి. కప్లరుకు ఐదారు వైర్లుంటే లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉన్నట్టు. అలాంటి దానికి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వకూడదు. పసుపు కప్లరు కనపడితే అది ఎయిర్ బ్యాగుది, చేయి పెట్టొద్దు.

దొంగ ఎక్కువగా దాక్కునేది రెండు చోట్ల. డోరుకూ బాడీకీ మధ్య, కీళ్ల దగ్గర ముడతలు ముడతలుగా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది చూడండి. డోరు తీసినప్పుడల్లా అందులోని వైర్లు వంగుతాయి. రోజుకు ఇరవైసార్లు తీస్తే ఏడాదికి ఏడు వేల వంపులు. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. ఇరవై పోగుల్లో నాలుగు మిగిలినా మీటరు పూర్తి ఓల్టేజీ చూపిస్తుంది, మోటారు మాత్రం కదల్లేదు. పరీక్ష సులువు. ఒకరు స్విచ్చి నొక్కి పట్టుకోండి, ఇంకొకరు డోరు మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉండండి. డోరు కోణంతో పాటు అద్దం వేగం మారితే వైరు అక్కడే తెగుతోంది. గొట్టం ఒక పక్క ఊడదీసి, తెగిన చోట అతుకు వేయకుండా, వంపుకు అవతలా ఇవతలా బాగున్న చోటు దాకా కోసి కొత్త మెత్తటి వైరు ముక్క కలపాలి. అతుకులన్నీ ఒకే చోట పడితే ముద్దవుతుంది, ఒక్కోటి ఒక్కో ఎత్తులో వేయండి. వంపులో సాల్డరింగ్ అతుకు ఉండకూడదు. అక్కడ వైరు బిరుసై, దాని పక్కనే మళ్లీ తెగుతుంది.

రెండో చోటు స్విచ్చి. లోపలి కాంటాక్టులు నిప్పురవ్వలకు నల్లబడతాయి. డ్రైవరు పక్క స్విచ్చి బోర్డు మీద కూల్‌డ్రింకో టీయో ఒలికితే ఇంకా త్వరగా. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఎడమ డోరు సొంత స్విచ్చితో నొక్కినా మెల్లగానే ఉంది కాబట్టి డ్రైవరు స్విచ్చి తప్పు కాదనుకుంటారు. చాలా కార్లలో ఎడమ మోటారు ఎర్తు డ్రైవరు పక్కనున్న మెయిన్ స్విచ్చి గుండానే వెళుతుంది. అక్కడ కాంటాక్టు పాడైతే ఏ స్విచ్చి నొక్కినా మందమే. వెనక డోర్లకైతే ఎడమ కుడి స్విచ్చులు చాలావరకు ఒకటే, అటుదిటు మార్చి చూడొచ్చు. కాంటాక్టులు కొంచెం నల్లబడితే వెయ్యి నంబరు ఎమరీ కాగితంతో రెండు రుద్దులు రుద్ది కాంటాక్ట్ క్లీనరు కొట్టండి. గుంట పడితే స్విచ్చి మార్చడమే.

ఓల్టేజీ బాగుంది, రబ్బరు బాగుంది, అయినా మెల్లగానే ఉందంటే అప్పుడు మోటారు. లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరుగుతాయి. గుర్తేమిటంటే, నొక్కినా కదలనప్పుడు డోరు ప్యాడ్ మీద పిడికిలితో మెల్లగా కొడితే ఒక్కసారి కదులుతుంది. అలా కదిలితే బ్రష్‌లు ఆఖరుకొచ్చాయి, ఇక ఎక్కువ రోజులు లాగదు. వరసగా పదిసార్లు ఎక్కించి దించితే ఆగిపోయి, పది నిమిషాల తరవాత మళ్లీ పనిచేస్తే భయపడకండి. మోటారు వేడెక్కితే కరెంటు ఆపే ఏర్పాటు లోపల ఉంటుంది, అది దాని పని చేసిందంతే.

ఇప్పుడు ప్యాడ్ విప్పుదాం. స్క్రూలు మూడు చోట్ల దాక్కుంటాయి: చేయి పెట్టి లాగే గుంటలో మూత కింద, లోపలి హ్యాండిల్ వెనక, అద్దం ముందు మూలలోని మూడు మూలల ప్లాస్టిక్ ముక్క కింద. అవి తీశాక అడుగు మూల నుంచి ప్లాస్టిక్ పట్టీతో ఎత్తితే క్లిప్పులు టక్ టక్ మంటూ ఊడతాయి. ఒకటి రెండు విరుగుతాయి, ముందే పది క్లిప్పులు కొని దగ్గర పెట్టుకోండి. క్లిప్పులన్నీ ఊడాక ప్యాడ్‌ను పైకెత్తి తీయాలి, మీ వైపుకు లాగకూడదు. వెనక స్విచ్చి కప్లర్లు, హ్యాండిల్ కేబులు తగిలి ఉంటాయి. దాని కింద ఈ ప్లాస్టిక్ షీటు, అంచు చుట్టూ నల్లటి గమ్ము. దీన్ని బ్లేడుతో కోయొద్దు, మెల్లగా లాగండి. ఎండలో గమ్ము తీగలు సాగి మొత్తం పాడవుతుంది, నీడలో చేయండి.

ఇప్పుడు అన్నింటికంటే విలువైన పరీక్ష. అద్దాన్ని పట్టిన రెండు 10 నంబరు బోల్టులు ఈ బెజ్జాల్లో కనపడేదాకా అద్దం దించి, బోల్టులు వదులు చేసి అద్దాన్ని మిషను నుంచి విడదీయండి. రెండు అరచేతులతో అద్దాన్ని పైకి నడిపించండి. పెద్దగా బలం పెట్టకుండా పై దాకా వెళ్లి, మధ్యలో ఎక్కడా పట్టకుండా ఉండాలి. గట్టిగా ఉంటే రబ్బరే, ముఖ్యంగా డోరు లోపలికి దిగిన భాగంలో. ఓనరు శుభ్రం చేసినప్పుడు చేయి అందనిది అదే. అద్దం హాయిగా జారితే దాన్ని పైనే నిలిపి, వెడల్పాటి టేపు లోపలి నుంచి ఫ్రేము మీదుగా బయటికి రెండు చోట్ల వేయండి. టేపు మీద నమ్మకం పెట్టి చేయి లోపల పెట్టొద్దు, అద్దానికీ డోరుకూ మధ్య ఒక రబ్బరు ముక్క కూడా బిగువుగా దోపండి. ఇప్పుడు ఉత్తి మిషనును నడపండి. కరకరమంటే డ్రమ్ములో కేబులు పోగులు లేచాయి. ఒక చోట ఆగి ముందుకెళితే పుల్లీ పగిలింది.

వంకరకు వద్దాం. అద్దం పైకి వస్తుండగా దాని పై అంచుకూ ఫ్రేముకూ మధ్య ఖాళీ చూడండి. ఇంకో నాలుగు వేళ్లు ఎక్కాల్సి ఉందనగా ఆపి, ముందు పక్కా వెనక పక్కా స్కేలు పెట్టి కొలవండి. ఫ్రేము వాలుగా ఉంటుంది కాబట్టి ఈ కొలతనూ అవతలి డోరుతోనే పోల్చాలి. బాగున్న డోరులో రెండు చోట్లా తేడా ఐదు మిల్లీమీటర్లు, ఈ డోరులో ఇరవై ఉందనుకోండి, వంకర పదిహేను మిల్లీమీటర్లు. ఇప్పుడు అద్దాన్ని అటూ ఇటూ చేత్తో ఊపండి. తెడ్డులా ఊగితే పట్టు వదిలింది.

వదిలేది నాలుగు చోట్ల. మొదటిది బోల్టులు వదులవడం, ఇది అదృష్టం. రెండోది స్లైడరు. ప్లాస్టిక్ కదా, ఏళ్ల తరబడి ఎండకు పెళుసెక్కి చెవి విరుగుతుంది. సూపర్ గ్లూతో అతికిస్తే పదిసార్లు కూడా ఎక్కదు. స్లైడరు విడిగా దొరికితే సరే, లేకపోతే మిషను మార్చాలి. మూడోది అద్దం అడుగున జిగురుతో అంటించిన పట్టీ. ఈ రకంలో అద్దానికి బెజ్జాలుండవు. పట్టీ ఊడితే పాత జిగురంతా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కారు ముందు అద్దాలు (విండ్‌షీల్డులు) అంటించే పాలీయురేథేన్ జిగురుతో పాత గుర్తు మీదే అంటించాలి. అద్దం పైన టేపుతో నిలిపి ఒక రోజు కదపొద్దు. నాలుగోది ఛానలే. అద్దం నడిచే వెనక వైపు నిలువు రేకు కింది బోల్టు ఊడి రేకు పక్కకు జరిగితే, మిషను ఎంత బాగున్నా అద్దం దారి తప్పుతుంది. మిషను మార్చినా వంకర పోలేదంటే వెతకాల్సింది ఈ రేకునే.

రెండు రైళ్ల మిషను ఉన్న డోర్లలో ఒక పక్క కేబులు సాగితే ఆ పక్క వెనకబడుతుంది. కేబులు బిగించే ఏర్పాటు ఉండదు, మిషను మొత్తం మార్చాలి.

సరిచేసి బిగించే వరస ఇది. బోల్టులు చేత్తో తిప్పి వదులుగానే ఉంచండి. అద్దాన్ని ఈ బెజ్జాలు అందేంత ఎత్తులో పెట్టి, వెనక ఛానల్లోకి నిండుగా నెట్టండి. చాలా డోర్లలో అద్దానికి వెనక గాడే ఆధారం, ముందు గాడిలో కొద్దిగా వదులుంటుంది. నెట్టి పట్టుకుని వెనక బోల్టు, తరవాత ముందు బోల్టు బిగించండి. వేళ్ల బలం చాలినంత బిగిశాక పానాతో పావు చుట్టు, అంతే. ఇది టెంపర్డ్ గ్లాసు. బెజ్జం అంచున ఒత్తిడి పడితే అక్కడికక్కడ పచ్చడవుతుంది. బోల్టుకూ అద్దానికీ మధ్య ఉండే రబ్బరు వాషరు పోగొట్టుకోవద్దు. బిగించాక అద్దం పై దాకా పంపండి. మూల గాడిలోకి దూరే క్షణంలో ఒక పక్క ముందుగా తాకుతుంటే దించి, ఒక్క బోల్టే వదిలి, రెండు మిల్లీమీటర్లు సవరించి మళ్లీ చూడండి. మూడు నాలుగు సార్లు పడుతుంది. ఒక్కసారిలో కుదిరిందని చెప్పేవాణ్ణి నేను నమ్మను.

రైలు మీద, స్లైడరు నడిచే చోట తెల్ల లిథియం గ్రీజు పలచగా రాయండి. అది రేకుకే, రబ్బరుకు కాదు.

ఇందాక ప్రమాదం అన్నాను. కత్తెర రకం మిషనులో అద్దం బరువు మోయడానికి బలమైన చుట్ట స్ప్రింగు ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేది మోటారు గేరు. మిషను చేతులను రేకుకు బెజ్జం వేసి బోల్టుతోనో, సి-క్లాంపుతోనో కట్టేయకుండా మోటారు విప్పారో, స్ప్రింగు ఒక్కసారిగా విప్పుకుని ఆ మిషను చేతులు కత్తెరలా మూసుకుంటాయి. మధ్యలో వేలుంటే ఇక అంతే. ప్యాడ్ వేసేదాకా స్విచ్చి దగ్గర ఎవరినీ కూర్చోనివ్వొద్దు, ముఖ్యంగా పిల్లల్ని. బయట స్విచ్చి నొక్కితే లోపల చేయి నలిగేది మీదే.

మీ ప్రశ్నలు అడగండి.

"ప్లాస్టిక్ షీటు చిరిగిపోయింది, లేకుండా వేసేయొచ్చా?" వేయకూడదండి. వానలో అద్దం మీద నుంచి డోరు లోపలికి దిగే నీళ్లను అడుగు బెజ్జాల వైపు మళ్లించేది అదే. లేకపోతే ప్యాడ్ ఉబ్బుతుంది, కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి కంపు కొడుతుంది. పైగా కొన్ని కార్లలో పక్క నుంచి గుద్దుకుంటే పసిగట్టే ప్రెషర్ సెన్సరు డోరు లోపలే ఉంటుంది. షీటు సరిగ్గా అంటకపోతే దాని లెక్క తప్పుతుంది. దళసరి పాలిథీన్ కత్తిరించి, బ్యూటైల్ టేపుతో చుట్టూ ఖాళీ లేకుండా అంటించండి. కింది అంచు డోరు లోపలి వైపు పడాలి.

"బ్యాటరీ మార్చాక ఆటో అప్ పోయింది." అద్దం ఎక్కడిదాకా వెళ్లాలో కంప్యూటరు మరిచిపోయింది. చాలా కార్లలో పద్ధతి, అద్దం పూర్తిగా పైకి పంపి స్విచ్చిని పైకి లాగే ఉంచి కొన్ని సెకన్లు ఆగడం. కొన్నింటికి ముందు పూర్తిగా దించి, అక్కడ కూడా నొక్కి పట్టాలి. మీ కారు పుస్తకంలో ఉంటుంది. మోటారు మార్చినా ఇది చేయాలి. చేయనంతవరకు వేలు అడ్డొస్తే వెనక్కి తగ్గే రక్షణ కూడా పనిచేయకపోవచ్చు.

"ప్రయాణంలో వాన పడుతుంటే అద్దం కింద ఇరుక్కుపోతే?" ఫ్యూజు చూడండి, చాలా కార్లలో 20 లేదా 30 ఆంపియర్లది ఉంటుంది. ఫ్యూజు బాగుంటే ఒకరు స్విచ్చి పైకి పట్టుకోండి, ఇంకొకరు అద్దాన్ని లోపలా బయటా అరచేతుల మధ్య నొక్కి, మోటారుతో పాటు పైకి లాగండి. అద్దం కొస కొద్దిగా కూడా పైకి కనపడకుండా పూర్తిగా లోపల పడిపోతే ప్యాడ్ తీయక తప్పదు. పైకొచ్చాక ఆ డోరు కప్లరు ఊడదీయండి, లేదా డ్రైవరు దగ్గర విండో లాక్ నొక్కండి. డ్రైవరు స్విచ్చికి ఆ లాక్ వర్తించదు కాబట్టి దాని మీద ఒక టేపు ముక్క అంటించండి, అలవాటు కొద్దీ చేయి అక్కడికే పోతుంది.